పైకా, కిందికా

ఆ అమ్మాయి కాలేజీలో చేరిందన్న కబురు వీధంతా పాకేటప్పటికి ఆమె ఇంకా స్కూలు యూనిఫారంలోనే తిరుగుతోంది. కబురు మోసింది వాళ్ళ నాన్నే. ఆయన కళ్ళజోళ్ళ షాపులో వెనక బల్ల దగ్గర కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు అది తిరిగి ముక్కు మీదికి ఎక్కేదాకా ఎటూ కదల్లేడు. ఎదుటి మనిషి ముఖమే సరిగా ఆనదు. ఇక చెప్పింది వినక ఏం చేస్తాడు? అలా ఆ వీధిలో చూపు మందగించిన ప్రతివాళ్ళకీ ఆ అమ్మాయి చదువు సంగతి కంఠతా వచ్చేసింది.

సంగతి నిజమే. ఆమె స్కూలుకీ ఒక కాలేజీకీ మధ్య ఒప్పందం ఉంది. బాగా చదివే పిల్లలు స్కూల్లో ఉండగానే కొన్ని కాలేజీ పాఠాలు కంప్యూటర్లో చదువుకోవచ్చు. పాసైతే అవి స్కూలు చదువులోకీ వస్తాయి, తర్వాత కాలేజీ చదువులోకీ వస్తాయి. పిల్లలందరూ చాటుగా 'సలహాల టీచరు' అని పిలుచుకునే ఒక టీచరు ఆమెను గదిలోకి పిలిచి, ఇలాంటి అవకాశం ఊరికే వదులుకోకూడదని చెప్పింది. ఆ చెప్పడంలోనే ఇంకో మాట కూడా చెప్పింది. కాలేజీ మార్కులు స్కూలు మార్కుల్లాంటివి కావు, ఒకసారి తప్పితే ఆ తప్పడం జీవితాంతం వెంట వస్తుంది, కాబట్టి జాగ్రత్తగా ఉండమంది.

మొదటి విడత లెక్కలు తీసుకుంది. గట్టెక్కింది. రెండో విడత మనిషి శరీరం గురించిన కోర్సు తీసుకుంది. అంతే, నాన్న ఆమెకు 'డాక్టరమ్మ' అని పేరు పెట్టేశాడు. "డాక్టరమ్మా, కాస్త మంచినీళ్ళు" అనేవాడు ఇంట్లో. షాపుకి వెళ్తే అక్కడి ఓనరు దగ్గర్నుంచి అందరిదీ అదే పిలుపు. ఆమెకు సిగ్గుగానే ఉండేది. కానీ ఇష్టంగా కూడా ఉండేది, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ఆ కోర్సంటే ఆమెకు ప్రాణం. స్కూల్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు తక్కువ. మూడో బెంచీలో కూర్చుని తన పని తాను చేసుకుపోయే పిల్ల. ఈ కోర్సులో మాత్రం తోటి విద్యార్థులందరూ పెద్దవాళ్ళు. ఒకాయన అంబులెన్సు డ్రైవరు, ఒకావిడ ఇద్దరు పిల్లల తల్లి, ఇంకొకరు ఎక్కడో మందుల షాపులో పనిచేస్తారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోరు, చర్చల పేజీలో రాసుకోవడమే. ఆమె వయసు వాళ్ళకు తెలియదు. ఊపిరితిత్తుల గురించి ఆమె రాసిన జవాబు చదివి అంబులెన్సు డ్రైవరు, "చాలా బాగా వివరించారు మేడమ్" అని రాశాడు. ఆ మేడమ్ ఆ పూట నేల మీద నడవలేదు.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. నాన్నకు నాన్న. తాతయ్య ఒకప్పుడు పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్ట్ ఆపరేటరు. ఇత్తడి పిడి తిప్పితే కదిలే పాతకాలపు లిఫ్టు. ఉద్యోగంలో చేరినరోజు నుంచి రిటైరైనరోజు దాకా ఆ పెట్టెలోనే నిలబడ్డాడు. ఎక్కే ప్రతివాళ్ళనూ "పైకా, కిందికా?" అని అడగడం, వాళ్ళు చెప్పేదాకా పిడి మీద చెయ్యి వేసి ఆగడం, అదే ఆయన బతుకు. ఇప్పుడు జ్ఞాపకశక్తి ఒక్కో అంతస్తే ఖాళీ చేసుకుంటూ పోయింది. మనుషుల పేర్లు పోయాయి, రోజులు పోయాయి, కోడలు ఎవరో కూడా ఒక్కోసారి తెలియదు. ఆ మాట మాత్రం మిగిలింది. సాయంత్రం పూట ఉన్నట్టుండి లేచి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, వీధి తలుపు దగ్గర నిటారుగా నిలబడి గదిలో ఉన్నవాళ్ళను అడిగేవాడు.

"పైకా, కిందికా?"

దానికో మందు కనిపెట్టింది అమ్మే. "నేను దిగిపోయానండీ, మీ డ్యూటీ అయిపోయింది" అంటే చాలు. ఆయన ముఖం తేలికపడేది. బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. జవాబు చెప్పకపోతే మాత్రం కాసేపు మర్యాదగా చూసి, తలుపు తీసుకుని తన లిఫ్టును వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయేవాడు. వాళ్ళుండేది మూడో అంతస్తులో. ఆ భవనానికి లిఫ్టు లేదు, నిటారుగా ఉండే సిమెంటు మెట్లే. అందుకని నాన్న తలుపుకు పైన ఇంకో గడియ బిగించాడు. కింద గడియ తీయడం తాతయ్య చేతికి అలవాటే గానీ పైన ఒకటుందన్న సంగతి ఆయనకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

అమ్మ ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వేడి రోలరు కిందనుంచి వచ్చే దుప్పట్లను ఇంకో ఆమెతో కలిసి చెరో కొసా పట్టుకుని మడతపెట్టడం ఆమె పని. మధ్యాహ్నం వెళ్తే సాయంత్రం పొద్దుపోయాకే రావడం. అంచేత స్కూలు వదిలాక అమ్మ వచ్చేదాకా తాతయ్య బాధ్యత అమ్మాయిదే. ముందు గదిలో తలుపుకు ఎదురుగా బల్ల వేసుకుని ఆమె చదువుకునేది, తాతయ్య పక్కన కూర్చుని తెర వైపు చూసేవాడు. ఒకరోజు గుండె బొమ్మ కదులుతూ ఉంటే, రక్తం ఎలా పైకి వెళ్తుందో ఎలా కిందికి వస్తుందో ఆయనకు వేలు పెట్టి చూపించింది. ఆయన చాలా శ్రద్ధగా చూసి, "దీనికి ఆపరేటరు ఎవరు?" అని అడిగాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ మాట చర్చల పేజీలో రాస్తే అందరూ నవ్వారు. పాఠం చెప్పే ప్రొఫెసరు కూడా మెచ్చుకుంటూ ఒక గుర్తు పెట్టాడు. అదే ఆయన ఆ కోర్సు మొత్తంలో ఆమెతో మాట్లాడింది అనుకోవాలి. మిగతావన్నీ ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన వీడియోలు.

పరీక్షలు మాత్రం ఆటలు కావు. ఇంట్లోనే కూర్చుని రాయాలి గానీ కెమెరా, మైకు రెండూ తెరిచి ఉండాలి. ఎక్కడో కూర్చున్న కాపలా మనిషి చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మాట్లాడకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. చూపు తెర దాటి పోకూడదు. సగం కోర్సు అయ్యాక జరిగిన పరీక్షలో లోపలి గదిలోంచి తాతయ్య దగ్గు వినిపించింది. వెంటనే హెచ్చరిక వచ్చింది. వేరే మనిషి అలికిడి వినిపించిందనీ, చివరి పరీక్షలో ఇలా మళ్ళీ జరిగితే పరీక్ష రద్దవుతుందనీ దాని సారాంశం. ఆమె ప్రొఫెసరుకు రాసుకుంది, మా ఇంట్లో ముసలాయన ఉన్నాడని. రెండు రోజుల తర్వాత కాలేజీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నిబంధనల పేజీ చదువుకోమని.

ఆ హెచ్చరిక సంగతి విని నాన్న షాపులో మాటల జోరు కాస్త తగ్గించి, చివరి పరీక్ష రోజు ఏర్పాట్లన్నీ తనే చూస్తానన్నాడు. పరీక్ష శనివారం మధ్యాహ్నం. ఆ రోజు అమ్మ సెలవు పెట్టి తాతయ్యను పార్కుకు తీసుకువెళ్ళాలని అనుకున్నారు. అంతా సిద్ధం. శనివారం పొద్దున లాండ్రీ నుంచి ఫోన్ వచ్చింది. రోలరు దగ్గర పనిచేసే ఇద్దరు రాలేదు, ఆసుపత్రిలో దుప్పట్లు అయిపోతున్నాయి, ఎలాగైనా రావాలి అని. నాన్నకు శనివారమే షాపులో ఊపిరాడని పని. పోనీ కింది అంతస్తులో బట్టలు కుట్టే కుట్టుమిషను అత్త దగ్గర కూర్చోబెడదామంటే ఆమె దగ్గర ఆ రోజు కొలతలకు వచ్చినవాళ్ళు గది నిండా ఉన్నారు.

అమ్మ చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది. వెళ్ళొద్దంటే మానేస్తానంది. మానేస్తే ఉద్యోగం మాట ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. అమ్మాయే అంది, తాతయ్యకు భోజనం పెడితే గుర్రుపెట్టి నిద్రపోతాడు, లేచేలోపు పరీక్ష అయిపోతుంది, ఏం ఫరవాలేదు అని. అమ్మ వెళ్ళింది.

ఆమె తాతయ్యకు భోజనం పెట్టింది. మూతి తుడిచింది. లోపలి గదిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, గురక మొదలయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వచ్చి బల్ల ముందు కూర్చుంది. కాపలా మనిషి అడిగినట్టు కంప్యూటరు చేతుల్లోకి ఎత్తి గది నాలుగు గోడలూ చూపించింది, బల్ల కిందా చూపించింది. పరీక్ష మొదలైంది.

మూడో నాలుగో ప్రశ్న దగ్గర తలెత్తకుండానే ఆమెకు తెర అంచు మీదుగా వీధి తలుపు కనిపించింది. పై గడియ వేసి లేదు. అమ్మ వెళ్ళాక వేయాల్సింది తనే. లేచి నాలుగు అడుగులు వేస్తే అందుతుంది. లేస్తే పరీక్ష పోతుంది. ఆమె లోపలి గది వైపు చెవి పెట్టింది. గురక వినిపిస్తూనే ఉంది. సరే అనుకుంది. ఆ 'సరే' అనుకున్న క్షణం ఆమెకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం అది పెద్ద నిర్ణయంలా ఏమీ అనిపించలేదు.

పరీక్ష బాగా వస్తోంది. చదివిందే వస్తోంది. ఆ ఉత్సాహంలో గురక ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. లోపలి తలుపు కదిలింది. తాతయ్య బయటికి వచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు, పైదాకా. జుట్టు నీళ్ళతో తడిపి వెనక్కి దువ్వుకున్నాడు. ఆమె ముందునుంచి, కంప్యూటరు వెనకగా నడిచి వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. కెమెరాకు ఆయన కనపడడు. ఆమెకు మాత్రం తెర పై అంచు మీద ఆయన తల, భుజాలు కనపడుతున్నాయి. కళ్ళు దించేసుకుంది.

"పైకా, కిందికా?"

తెర మూలన వెంటనే ఒక పెట్టె తెరుచుకుంది. వేరే గొంతు వినిపించింది, మీరు గదిలో ఒంటరిగానే ఉన్నారా అని కాపలా మనిషి ప్రశ్న. వీధిలో ఎవరో మాట్లాడుతున్నారు, గదిలో నేనొక్కదాన్నే అని టైపు చేసింది. సరే, కొనసాగించండి అని జవాబు వచ్చింది.

తాతయ్య ఆగాడు. ప్రయాణికులు ఒక్కోసారి వాళ్ళ మాటల్లో పడి వెంటనే జవాబు చెప్పరు, అది ఆయనకు తెలిసిందే. పిడి ఉండాల్సిన చోట గాలిలో చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. ఆమె ఎదుట ప్రశ్న మూత్రపిండాల గురించి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ నాలుగూ చదివింది, మళ్ళీ చదివింది. నేను దిగిపోయానండీ. ఒక్క ముక్క. గొంతు దాకా వచ్చింది. పెదవులు బిగబట్టింది.

"పైకా అండీ, కిందికా?" అన్నాడు ఆయన, ఈసారి ఇంకా మెల్లగా, తనవల్లే ఏదో పొరపాటు జరిగిందేమో అన్నట్టు.

ఆమె తల ఎత్తలేదు.

కింద గడియ తీసిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుని, మళ్ళీ దగ్గరగా పడింది. ఆయన ఎప్పుడూ తలుపు బార్లా వదిలి వెళ్ళడు, ఉద్యోగపు అలవాటు. కింది అంతస్తులో కుట్టుమిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి. మెట్ల దగ్గర కూర్చుంటాడులే అనుకుంది. ఇదివరకు రెండుమూడుసార్లు అలాగే కూర్చున్నాడు కదా. అత్త చూస్తుంది. ఎవరో ఒకరు చూస్తారు. కాసేపటికి ఏదో మూట నేలమీద పడినట్టు ఒక చప్పుడైంది. గుడ్డల మూట అనుకుంది. అనుకున్నదో, అనుకోవాలని అనుకున్నదో.

పరీక్ష పూర్తి చేసింది. చివరన జవాబులు సరిచూసుకోవడానికి సమయం మిగిలితే సరిచూసుకుంది కూడా. ఒకచోట దిద్దింది. కాపలా మనిషి ఇక వెళ్ళవచ్చన్నాక ధన్యవాదాలు చెప్పి, కంప్యూటరు మూసి, అప్పుడు లేచి పరుగెత్తింది.

ఆయన కింది మలుపు దగ్గర పడి ఉన్నాడు. ఒక కాలు ఒళ్ళు కిందికి ఎలాగో మడిచిపెట్టుకుపోయింది. స్పృహలోనే ఉన్నాడు. అరవలేదు, మూలగలేదు. మనుమరాలిని చూసి ఎవరో పైఅధికారి వచ్చినట్టు లేవబోయాడు, లేవలేకపోయాడు.

"ఏమీ అనుకోకండమ్మా," అన్నాడు. "కాస్త ఆలస్యమయ్యేట్టుంది."

తర్వాత అంతా ఎవరెవరో చేశారు. కుట్టుమిషను అత్త మెడలో కొలత టేపుతోనే పరుగున వచ్చింది. అంబులెన్సు వచ్చి అమ్మ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళింది. అమ్మ లాండ్రీలోంచి అదే ఆసుపత్రిలో ఇంకో వైపుకు నడిచి వచ్చింది, చేతులకు ఇంకా ఆ వేడి వాసన ఉంది. నాన్న షాపులోంచి పైన తోలు ఏప్రన్ విప్పకుండానే వచ్చాడు. తుంటి ఎముక విరిగిందనీ, ఈ వయసులో ఆపరేషన్ చేసినా మళ్ళీ నడవడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. నాన్న కాసేపు గోడకు ఆనుకుని ఉండిపోయి, కూతురు ఏడుస్తున్న సంగతి అప్పుడే చూసినట్టు దగ్గరికి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చేస్తావు తల్లీ. పరీక్షలో మునిగిపోయి ఉంటావు, వినపడి ఉండదు. గడియ మాట నేనైనా ఫోన్ చేసి గుర్తుచేయాల్సింది."

ఆమె ఏదో అనబోయింది. అమ్మ ఆమె వైపే చూస్తోంది.

అమ్మ ఆ రోజు ఏమీ అడగలేదు. మూడు నాలుగు రోజుల తర్వాత, ఇద్దరే వంటగదిలో ఉన్నప్పుడు, గిన్నెలు కడుగుతూ కడుగుతూ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అడిగాడా?"

దేని గురించో చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట అడగకుండా ఆయన తలుపు మీద చెయ్యి వేయడు.

"అడిగాడు," అంది అమ్మాయి.

కుళాయి అలా పారుతూనే ఉంది. అమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. చాలాసేపటికి కుళాయి కట్టి, చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. ముఖంలో కోపం లేదు. అదే ఆ అమ్మాయిని భయపెట్టింది. కోపం ఉంటే ఎక్కడో ఒకచోట అయిపోయేది.

"మీ నాన్నతో అనకు," అంది అమ్మ. "నాతో అన్నావు, అది చాలు. వాళ్ళ నాన్నంటే ఆయనకు ఏమిటో నీకు తెలీదు. నువ్వంటే ఏమిటో కూడా తెలీదు. ఆ రెండూ ఒకచోట పెట్టి ఆయన్ని తూచమంటే బతకడు."

మార్కులు వచ్చాయి. అత్యుత్తమ శ్రేణి. సలహాల టీచరు తరగతి అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. చర్చల పేజీలో అంబులెన్సు డ్రైవరు అభినందనలు రాశాడు. తనకు మార్కులు తగ్గాయనీ, డ్యూటీ ఎక్కువై సరిగా చదవలేకపోయాననీ కూడా రాశాడు. ఆమె జవాబు రాయలేదు. ఆ పేజీ మూసేసింది, మళ్ళీ తెరవలేదు.

తరువాతి విడత కోర్సుకు పేరు ఇవ్వనని ఆమె తేల్చి చెప్పింది. సలహాల టీచరు అదేం మాట అంది. ఇంట్లో అమ్మ దగ్గరా అదే చెప్పింది అమ్మాయి. అమ్మ ఉద్యోగం అప్పటికే మానేసింది, తాతయ్యను మంచంలో పక్కకు తిప్పడానికి, శుభ్రం చేయడానికి పగలంతా ఒక మనిషి కావాలి. పొడి గుడ్డలు మడతపెడుతున్న అమ్మ, లాండ్రీలో లాగే కొసలు సరిగ్గా కలిపి, ఒకదాని మీద ఒకటి పెడుతూ అంది, మానేస్తే మీ నాన్న కారణం అడుగుతాడు, ఏం చెబుతావు అని. చదవాలనిపించట్లేదని చెబుతానంది అమ్మాయి. నువ్వు చెబితే ఆయన నమ్మడు, తవ్వుతాడు, తవ్వితే బయటపడుతుంది అంది అమ్మ.

"చదువు. వేరే దారి లేదు," అంది. "మనసు పెట్టకపోతే పోయింది, కూర్చో చాలు."

కూర్చుంది. అదే బల్ల, అదే కుర్చీ. ఈసారి కోర్సు రసాయన శాస్త్రం. తాతయ్య లోపలి గదిలో పడుకుని ఉండేవాడు, కళ్ళు తెరిచే ఉండేవి. అడగడం మానేశాడు. ఒక్కోసారి ఆమె ఉండబట్టలేక వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని, "నేను దిగిపోయానండీ, మీ డ్యూటీ అయిపోయింది" అని చెప్పేది. ఒకటికి పదిసార్లు చెప్పేది. ఆయన ఆమె వైపు చూసేవాడు. ఆ మాటకు అర్థం ఉన్నట్టు ఆయనకు ఇక తోచేది కాదు.

చలికాలం రాకముందే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఊపిరితిత్తుల గురించి అంత బాగా వివరించిన పిల్ల, మంచం పక్కన నిలబడి ఆ ఊపిరి ఎలా కుంచించుకుపోతోందో చూస్తూ ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. వచ్చినవాళ్ళు తక్కువే. ఆయన పనిచేసిన భవనం నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి, ఇంత మర్యాదస్థుణ్ణి నేను చూడలేదమ్మా, జవాబు చెప్పేదాకా పిడి కదిపేవాడు కాదు, అని అమ్మాయికి చెప్పి వెళ్ళాడు.

నాన్న షాపుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మాటలు కూడా మెల్లగా తిరిగి వచ్చాయి. ఒకరోజు ఆమె మధ్యాహ్నం భోజనం క్యారియరు పట్టుకుని వెళ్ళేటప్పటికి ఆయన ఎవరో పెద్దావిడ కళ్ళజోడుకు కొత్త అద్దం బిగిస్తూ మాట్లాడుతున్నాడు. మా నాన్న పోయారండీ, పోతేపోయారు గానీ మనుమరాలు కాలేజీ చదువు చదవడం కళ్ళారా చూసి పోయారు, ఆమె చదువుకుంటుంటే పక్కన కూర్చుని వదిలేవారు కాదు, ఆ తృప్తి ఒకటి మిగిలింది నాకు అంటున్నాడు. కూతురిని చూసి ముఖం వెలిగింది.

"ఇదిగోనండీ, మా డాక్టరమ్మ."

పెద్దావిడ కళ్ళజోడు లేని కళ్ళు చికిలించి ఆమె ఉన్న దిక్కు చూసి నవ్వింది. బుద్ధిమంతురాలివమ్మా అంది. డబ్బులిచ్చి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని, ఇంకోసారి తేరిపార చూసి మరీ వెళ్ళింది.

షాపులో ఇద్దరే మిగిలారు. ఓనరు భోజనానికి వెళ్ళాడు. నాన్న ఇంకో అద్దం తీసుకుని సానరాయి చక్రం తిప్పాడు. ఆమె క్యారియరు బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోవాలనే అనుకుంది. అమ్మ చెప్పింది గుర్తుంది. కానీ ఆ తృప్తి అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

"నాన్నా, ఆ రోజు నాకు వినపడింది," అంది.

ఆయనకు అర్థం కాలేదు. చక్రం చప్పుడులో సరిగా వినపడలేదేమో అని ఆపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి మొత్తం చెప్పింది. గుండీలు పెట్టుకుని వచ్చాడని, తన ఎదుటే నిలబడ్డాడని, అడిగాడని, తను మాట్లాడలేదని. కాపలా మనిషి ప్రశ్నకు వీధిలో ఎవరో అని రాసిన సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో ఉన్న అద్దం అంచును బొటనవేలితో తడుముతూనే ఉన్నాడు, ఎక్కడ గరుగ్గా ఉందో చూస్తున్నట్టు.

"ఎన్నిసార్లు అడిగాడు?" అన్నాడు చివరికి.

"రెండుసార్లు."

"రెండోసారి అండీ అన్నాడా?"

"అన్నాడు."

ఆయన తల ఊపాడు. అద్దాన్ని గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాడు. ఎవరో షాపు మెట్లెక్కుతున్న అలికిడి అయింది.

"నువ్వు ఇంటికి వెళ్ళమ్మా," అన్నాడు. "బేరం వస్తోంది."

ఆమె తిట్లకు సిద్ధపడి వచ్చింది. కొట్టినా బాగుండుననుకుంది. అదేమీ జరగలేదు. సాయంత్రం ఆయన మామూలుగానే ఇంటికి వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, పెట్టింది తిన్నాడు, స్కూల్లో ఏం చెప్పారని అడిగాడు. అమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, ఏం జరిగిందో తెలుసుకుంది. ఆ రాత్రికి ఇంట్లో ముగ్గురికీ ఒకే సంగతి తెలుసు. ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని భోజనం చేశారు.

మర్నాడు సాయంత్రం ఆమె బల్ల ముందు కూర్చుని కంప్యూటరు తెరిచింది. రికార్డు చేసిన ప్రొఫెసరు గొంతు మొదలవగానే నాన్న కుర్చీలోంచి లేచాడు. చెప్పులు వేసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి లాగి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పాఠం అయిపోయి కంప్యూటరు మూశాక కాసేపటికి తిరిగి వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. అడిగితే, కాళ్ళు పట్టేసినట్టున్నాయి, కాస్త అలా తిరిగొస్తానన్నాడు. షాపులో కూడా మాటలు తగ్గాయట. పని మాత్రం శుభ్రంగా చేస్తున్నాడని ఓనరు అమ్మతో చెప్పాడు.

ఒకరోజు పాఠం మధ్యలో ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. సన్నగా జల్లు పడుతోంది. నాన్న ఎక్కడా తిరగడం లేదు. వీధి అవతల, మూసి ఉన్న దుకాణం చూరు కింద, రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తి వాళ్ళ కిటికీ వైపే చూస్తున్నాడు, పాఠం అయిపోయి ఆమె బల్ల మీది దీపం ఎప్పుడు ఆరుతుందా అని.

ఆమె కంప్యూటరు మూసేయబోయింది. పాఠం ఇంకా సగం ఉంది. లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కూర్చో. అది అయ్యేదాకా కూర్చో."

ఆమె కూర్చుంది. ప్రొఫెసరు ఆమ్లాల గురించి చెబుతున్నాడు. ఈ కోర్సు అయ్యాక ఇంకో మూడున్నాయి.